ఇంటికి ఒక్క ఫోను

2009 జనవరి ఇరవై నాలుగు, శనివారం. పొద్దుటినుంచీ పొయ్యిలో మట్టికుండలో మగ్గిన బీన్స్, అందులో ఒక పంది కొవ్వు ముక్క, ఆవిరి మీద ఉడికిన నల్లబెల్లం రొట్టె. శనివారం సాయంత్రం టాల్మన్ దీవిలో ఏ ఇంటి తలుపు తీసినా అదే వాసన. ఆర్డిస్‌కి ఆ తేదీ గుర్తుండిపోయింది తిండి వల్ల కాదు. ఆమె అప్పటికింకా కంచం ముందు కూర్చోనేలేదు. పక్కగదిలో మంచం పట్టిన అత్తగారికి బీన్స్ మెత్తగా మెదిపి, చెంచాతో ఒక్కొక్క ముద్దా పెట్టి, మింగేదాకా ఆగి, మూతి తుడిచి వచ్చేసరికి మెరిల్ రెండోసారి వడ్డించుకుంటున్నాడు.

"క్లేటన్ ఈసారి నిలబడట్లేదట," అన్నాడు రొట్టెకి వెన్న రాస్తూ. "ఇరవై ఏళ్ళు ఊరి బోర్డు పెద్దగా ఉన్నాడు, ఇక నావల్ల కాదంటున్నాడు. నేను నిలబడతా."

"మంచిదే," అంది ఆర్డిస్.

"ఫోన్లు నువ్వు చేస్తావు."

చేస్తావా అని కాదు, చేస్తావు అని. ముప్పై ఏళ్ళ కాపురంలో మెరిల్ ఆమెను కసిరింది లేదు, చెయ్యి చేసుకున్నది అంతకన్నా లేదు. మంచు కురిసిన ఉదయాల్లో ఆమె ఎక్కడికైనా వెళ్ళాల్సి ఉంటే తనే ముందు లేచి ట్రక్కు ఇంజను వేడి చేసి పెట్టేవాడు. అందుకే ఎవరికైనా చెప్పుకోవాలన్నా ఆమె దగ్గర చెప్పుకోవడానికేమీ ఉండేది కాదు. ఒక్క ప్రశ్న అడగడం మాత్రం అతనికి రాదు. చలికాలమంతా, సముద్రంలో లాబ్‌స్టర్లని పట్టే అతని బోనులకి లోపలి వలలు అల్లేది ఆమె. ఎర చేపల కంపు కొట్టే బట్టలు ఉతికేది ఆమె. రెండేళ్ళ క్రితం అత్తగారు బ్యూలాకి పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయినప్పుడు పోస్టాఫీసు ఉద్యోగం మానేసిందీ ఆమే. పదిహేడేళ్ళు ఆ కిటికీ వెనక కూర్చుంది. మానేయాలా అని ఆమె అడిగిందని కాదు గానీ, "స్టాంపులు ఎవరైనా అంటిస్తారులే," అన్నాడు మెరిల్. అతను ఓదార్పుగానే అన్నాడు. ఆ మాట ఆమెకి ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

మర్నాడు అతను ఓటర్ల జాబితా తెచ్చి బల్ల మీద పెట్టాడు. నూటయిరవై ఆరు పేర్లు. పక్కన కాలెండరు కాగితం వెనక రెండు ప్రశ్నలు రాసిపెట్టాడు. మొదటిది, మెరిల్ థర్లోకి వేస్తారా లేదా. రెండోది, దీవికి నర్సు అవసరమా కాదా.

"రెండోది ఎందుకు?" అంది ఆర్డిస్.

"జనం ఏమనుకుంటున్నారో తెలియాలిగా. బయటి మనిషి, ఊరి డబ్బుతో ఇల్లు, జీతం. మగాళ్ళందరూ గొణుగుతూనే ఉన్నారు."

ఆ దీవిలో ఎన్నికల ముందు ఊరి నాడి చూడటానికి ఒక పద్ధతి ఉంది. ఇంటికి ఒక్క ఫోను. రాత్రి భోజనాలయ్యాక, మగవాళ్ళు ఇంట్లో ఉన్న వేళ చూసి చేస్తారు. ఎత్తిన మనిషి ఇంట్లో ఎన్ని ఓట్లుంటే అన్నీ ఒకే మాటలో చెప్పేస్తాడు. మెరిల్ తండ్రి కాలంలోనూ అంతే, ఆయన తండ్రి తలుపు తలుపుకీ నడిచి అడిగిన కాలంలోనూ అంతే. దానివల్ల ఎప్పుడూ లెక్క తప్పలేదని మగవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు.

"హార్లన్, నేను ఆర్డిస్‌ని."

"తెలుసులే. మీ ఆయన నిలబడుతున్నాడటగా! బోనుకి ముడి సరిగా వెయ్యలేనివాడు ఊరినేం కడతాడు? సరే సరే, నవ్వులాటకన్నాను. మా ఇంట్లో రెండూ వాడికే. రాసుకో."

"మరి నర్సు సంగతి?"

"దేనికి? మా నాన్న వేలు తెగితే వల కుట్టే దారంతో తనే కుట్టుకున్నాడు. రెండూ 'వద్దు'లో వెయ్యి."

ఫోనులో వెనక గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. 'రెండూ' అన్న చోట కుళాయి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆర్డిస్ రెండు గీతలు గీసింది.

అలా ఆరు రాత్రులు. తన ఇంటి వరస వచ్చినప్పుడు జాబితాలో మూడు పేర్లున్నాయి. మెరిల్, ఆర్డిస్, బ్యూలా. మూడు గీతలూ 'వద్దు'లో గీసి కింది ఇంటికి పోయింది. చెయ్యి ఆగలేదు. ఎందుకు ఆగుతుంది? బోనుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఇళ్ళన్నీ పేరుస్తూ పోతుంటే, మధ్యలో తనది ఒకటుందని ఎవరికి తడుతుంది? చివరికి లెక్క తేలింది. నర్సు వద్దన్నవి ఎనభై ఎనిమిది, కావాలన్నవి ముప్పై ఒకటి, దొరకనివి ఏడు.

మెరిల్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని క్లేటన్ దగ్గరికి వెళ్ళి, మధ్యాహ్నం తిరిగి వచ్చి, బూట్లు విప్పుతూ చెప్పాడు.

"మార్చిలో ఊరంతా కూర్చునే సభకి పంతొమ్మిదో అంశంగా పెట్టేశాం. నర్సు ఉద్యోగం రద్దు. క్లేటన్ ముందు నసిగాడు. నీ లెక్క చూపించగానే కిక్కురుమంటే ఒట్టు! ఆర్డిస్ లెక్కంటే అచ్చేసినట్టే అన్నాడు."

ఆమె చేతిలో అత్తగారి దుప్పటి ఉంది. తడి దుప్పటి.

"సిల్వీ వెళ్ళిపోతే మీ అమ్మ వీపు పుండ్లు ఎవరు చూస్తారు? ఎత్తి పక్కకి తిప్పడానికి ఇద్దరు కావాలి, మెరిల్."

"నువ్వున్నావుగా," అన్నాడు.

ఆ మాటలో మెచ్చుకోలే ఉంది. అదే ఆమెకి ఊపిరాడనివ్వలేదు. నువ్వున్నావుగా. మామగారు పోయేముందు ఆర్నెల్లు ఆ మాట మీదే గడిచాయి. చర్చి విందులకి నూరు మందికి వంటచేసేవాళ్ళు లేకపోతే ఆ మాటే వచ్చింది. పోస్టాఫీసు మానేసిన రోజూ అదే. బలమైన పడవని మెచ్చుకున్నట్టు మెచ్చుకుని, ఆ పడవ మీదికే ఇంకో బరువు ఎక్కిస్తారు. సిల్వీ అనే ఆ ముప్పై ఏళ్ళ నర్సు మంగళవారం, శుక్రవారం పదింటికి వచ్చి పన్నెండింటికి వెళ్ళేది. మొదట్లో ఆ రెండు గంటలూ ఆర్డిస్ ఇల్లు తుడిచేది. ఒకరోజు సిల్వీ ఆమె చేతిలోంచి చీపురు లాక్కుని, "ఇది నా డ్యూటీ వేళ. మీరు బయటికి పోండి. ఎక్కడికైనా సరే," అని కోటు అందించింది. ఎక్కడికి పోవాలో తెలియక ఆర్డిస్ ట్రక్కులో రేవు దాకా వెళ్ళి, హీటరు వేసుకుని, అద్దంలోంచి నీళ్ళవైపు చూస్తూ కూర్చుంది. ఏమీ చెయ్యలేదు. ఎవరూ పిలవలేదు. అప్పటినుంచీ వారానికి నాలుగు గంటలు అలా కూర్చోవడమే ఆమె బతుకులో ఆమెదైన భాగం. పంతొమ్మిదో అంశం రద్దు చేసేది దాన్నే.

ఆ రాత్రి పడుకుని ఆమె ఒక లెక్క వేసింది, వెయ్యకూడదని తెలిసి కూడా. అత్తగారికి ఎనభై ఒకటి. అత్తగారి తల్లి తొంభై ఆరు దాకా బతికింది. అంటే పదిహేనేళ్ళు. తనకి అప్పటికి అరవై ఆరు. ఒక మనిషి ఇంకా ఎన్నేళ్ళు బతుకుతుందో లెక్కపెడుతున్నానా అని ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది. పక్కగదిలోంచి బ్యూలా గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించి, లేచి వెళ్ళి దిండు సరిచేసి వచ్చింది. ఇదంతా తను గీసిన గీతల వల్లే జరిగింది. తన నాలుగు గంటలు తీసెయ్యమని తన చేతులతోనే మూడు ఓట్లు రాసి ఇచ్చింది.

సభకి పదిరోజులుందనగా మెరిల్ ఇంకో చుట్టు ఫోన్లు చెయ్యమన్నాడు. "గాలి మారిందేమో చూడు," అన్నాడు. కానీ ఆ వారమంతా బ్యూలాకి సాయంత్రమైతే దగ్గు తెర. మంచం పక్కనుంచి కదలడానికి లేదు. అందుకని ఆర్డిస్ శుక్రవారం పదింటికి, సిల్వీ వచ్చాక, తన రెండు గంటలూ వదులుకుని వంటింట్లో ఫోను ముందు కూర్చుంది. ఆ వేళకి మగవాళ్ళంతా షెడ్లలో బోనులు బాగుచేసుకుంటూ ఉంటారన్న సంగతి ఆమెకి తట్టలేదు. తట్టినా వేరే వేళ లేదు.

హార్లన్ భార్య లర్లీన్ ఎత్తింది. "ఆయన షెడ్డులో ఉన్నాడే. అన్నానికొచ్చాక చెయ్యి."

"మంచిది," అంది ఆర్డిస్. పెట్టెయ్యబోయింది. అంతకుముందు కుళాయి ఆగిన చప్పుడు గుర్తొచ్చిందో, లేక ఊరికే అలసటో, "పోనీ నువ్వేమంటావు?" అని అడిగింది.

"లర్లీన్? ఉన్నావా?"

"ఉన్నా. ఏం చెప్పాలో తెలీట్లేదు. పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళలో నన్నెవరూ అడగలేదు." తర్వాత గొంతు తగ్గించి గబగబా మొదలుపెట్టింది. "నర్సు పోకూడదే తల్లీ. నా రొమ్ములో గడ్డ ముందు చూసింది ఆ పిల్లే. హార్లన్‌కి ఇప్పటికీ తెలీదు. కోయించుకుని వచ్చి, అక్క ఇంటికెళ్ళొచ్చానని చెప్పా. నేను చెప్పానని మాత్రం తెలియనియ్యకు."

తర్వాత పడవ మెకానిక్ భార్య టెస్. కొడుక్కి ఉబ్బసం. "మా ఆయన 'వద్దు' అన్నాడా? వీడు ఊపిరందక నీలంగా మారిన రోజు ఆయన సముద్రం మీదున్నాడు. వాడి ఛాతీ మీద చెయ్యేసి కూర్చుంది ఎవరట? నా గీత ఇటు మార్చు. పెన్సిలుతోనే గీశావా? రబ్బరుంది కదా?"

ఓడెట్ అనే ముసలావిడకి ఫోను చేస్తే పెద్దగా నవ్వింది. "మా ఇంట్లో మగాడు పోయి పన్నెండేళ్ళు. అయినా జనం నన్నడగరు, పక్కింట్లో మా మరిదిని అడిగి నాదీ కలిపేసుకుంటారు. వాడికి తన ప్యాంటు ఏదో తెలీదు, నా ఓటు తెలుస్తుందా?"

ఒకామె ఏడ్చింది. ఒకామె తిట్టింది, నర్సుని కాదు, ఆర్డిస్‌ని. "మీ ఆయనే కదా ఇదంతా పెట్టింది! నువ్వే కదా రాసిచ్చింది! ఇప్పుడొచ్చి మా నోట్లో వేలు పెడతావేం?" అన్నదాంట్లో తప్పేముందని? దాదాపు అందరూ చివరికి ఒకే మాట చెప్పారు. నేను చెప్పానని తెలియనియ్యకు.

పక్కగదిలో బ్యూలాకి ఒళ్ళు తుడుస్తున్న సిల్వీకి ఇవన్నీ వినబడుతూనే ఉన్నాయి. పోయేది ఆమె ఉద్యోగమే. ఒక్క మాట కూడా అడగలేదు. పదకొండున్నరకి వచ్చి ఆర్డిస్ మోచేతి దగ్గర వేడి కాఫీ కప్పు పెట్టి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఆర్డిస్‌కి ఇంకొకరు కాఫీ కలిపి ఇవ్వడం ఎన్నాళ్ళయిందో.

ఆమె గీతలు చెరపలేదు. మారినవాటి కింద చిన్న చుక్క పెట్టింది. తనతో కలిపి ముప్పై చుక్కలు. వద్దన్నవి ఎనభై ఎనిమిదిలోంచి ముప్పై పోతే యాభై ఎనిమిది. కావాలన్నవి అరవై ఒకటి.

మూడు ఓట్లు ఎక్కువ. అయినా ఏం లాభం? బోర్డు పెద్దని చీటీల మీద ఎన్నుకుంటారు గానీ, అంశాల మీద ఓటు చేతులెత్తే పద్ధతి. బడి హాల్లో మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చుంటారు. మొగుడి చెయ్యి లేస్తే పక్క చెయ్యి దానంతటదే లేస్తుంది. పోయినేడు ఆర్డిస్ వల అల్లుకుంటూ కూర్చుని, ఏ అంశమో కూడా వినకుండా, మెరిల్ మోచెయ్యి కదలగానే తన చెయ్యి ఎత్తింది. ఆ అంశం ఏమిటో ఆమెకి ఇవాల్టికీ తెలియదు. ఎన్ని చుక్కలు పెడితే ఏం, వెలుతురులో, భర్త పక్కన, లర్లీన్ చెయ్యి ఎటు లేస్తుంది?

ఆ సాయంత్రం మెరిల్ అడిగాడు, "ఎలా ఉంది గాలి?"

"మారింది. నర్సు ఉండాలంటున్నారు చాలామంది."

అతని చెంచా ఆగింది. "ఎవరు?"

"చాలామంది."

"పేర్లు చెప్పు. వాళ్ళ మగాళ్ళతో నేను మాట్లాడతా."

ఒక్క పేరు చెబితే ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు. లర్లీన్ గడ్డ బయటపడుతుంది. టెస్ మొగుడు సారా సీసా తీస్తాడు. చెప్పకపోతే తన లెక్కకి విలువ లేదు.

"పొరపాటు పడ్డానేమోలే," అంది.

"అదీ మాట. పగలు చేసుంటావు. పగలు ఇళ్ళలో ఎవరుంటారు?" అన్నాడు మెరిల్, మళ్ళీ చెంచా ఎత్తి.

ఆడవాళ్ళుంటారు అని ఆమె అనలేదు. గిన్నెలు కడుగుతూ వేడినీళ్ళలో చేతులు ఎర్రబడేదాకా నిలబడిపోయింది.

మర్నాడు ఊరి క్లర్కు మిస్ ఎడ్వినా దగ్గరికి వెళ్ళింది. డెబ్భై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, నలభై ఏళ్ళుగా దీవి పుట్టుకలూ చావులూ రాస్తూ ఉంది. ఆర్డిస్ ఏమీ అడగకుండానే కన్నీళ్ళు పెట్టుకుంది. ఎడ్వినా ఓదార్చలేదు. కళ్ళజోడు తుడుచుకుని అలమారలోంచి ఊరి నిబంధనల పాత పుస్తకం దింపింది.

"నేను ఎవరికీ సలహా ఇవ్వకూడదు పిల్లా. పుస్తకం పైకి చదవకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. పదకొండో పేజీ. 'ఏ అంశం మీదైనా చీటీల ఓటు కావాలని అయిదుగురు ఓటర్లు సంతకాలు పెట్టి, సభకి ముందురోజు రాత్రి ఎనిమిదిలోగా క్లర్కుకి అందజేస్తే, అట్లే జరుగును. అయిదుగురి పేర్లు సభలో పైకి చదవబడును.' చివరిసారి వాడింది డెబ్భై నాలుగులో, సారా దుకాణం గురించి. అప్పుడు సంతకాలు పెట్టినవాళ్ళతో కొందరు ఇప్పటికీ మాట్లాడరు. అది పుస్తకంలో లేదు, నేనే చెబుతున్నా."

అయిదు పేర్లు. చీటీలైతే ఎవరు ఎటు వేశారో తెలియదు, అరవై మంది గుండెలు కుదుటపడతాయి. కానీ ఆ అయిదుగురు మాత్రం పదిమందిలో నిలబడాలి.

మార్చి ఒకటి ఆదివారం, సభకి ముందురోజు. చర్చి అయ్యాక ఆమె ఇంటింటికీ తిరిగింది, వండిన పులుసు గిన్నెలు చేతిలో పట్టుకుని, ఎవరైనా చూస్తే ఏదో ఇవ్వడానికి వెళ్తోందనుకునేలా. లర్లీన్ చాలాసేపు కాగితాన్ని చూసి, "ఆయన అడిగితే ఏం చెప్పను?" అంది. తనే మళ్ళీ, "సరేలే. పోయినసారి రొమ్ములో ముక్క పోయింది, ఈసారి ఏం పోతుంది?" అని సంతకం పెట్టింది. ఓడెట్ పెద్ద అక్షరాలతో కాగితం సగం నింపేసింది. "మా మరిదికి కళ్ళజోడు లేకుండా కూడా కనపడాలి," అంది. టెస్ కొడుకుని చంకనేసుకుని నిలబడే పెట్టింది. ఆర్డిస్‌తో నాలుగు.

అక్కడితో ఆగిపోయింది. తొమ్మిది గుమ్మాలు ఎక్కింది. ఓటేస్తాను, పేరు పెట్టను. ఓటేస్తాను గానీ మా అత్త ఆ హాల్లోనే ఉంటుంది. పడవ కొన్న అప్పు మీ ఆయన హామీ మీదుంది ఆర్డిస్, తెలిసి కూడా అడుగుతావా? ఎవరి మీదా ఆమెకి కోపం రాలేదు. కాళ్ళు లాగేశాయి. ఆరున్నరకి ఇంటికి తిరిగి వచ్చేసరికి చీకటి పడి చాలాసేపయింది. మెరిల్ షెడ్డులో పదిమందితో కూర్చుని రేపటి సభ గురించి మాట్లాడుతున్నాడు. వాళ్ళ నవ్వులు వంటింటిదాకా వినిపిస్తున్నాయి. నాలుగు పేర్లున్న కాగితాన్ని పొయ్యిలో పడేద్దామా అనుకుంది. ఆ ముగ్గురి పేర్లైనా ఎవరి కంటా పడకుండా ఉంటాయి.

అత్తగారికి పక్క మార్చే వేళయింది. ఒక్కత్తే తిప్పబోతే నడుములో కలుక్కుమంది. ఆర్డిస్ మంచం అంచున కూలబడిపోయింది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి ముందు, పసిపిల్లలా, చప్పుడు కాకుండా ఏడ్చింది. ఈ మనిషి ముందు ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ ఏడవలేదు. కొత్తకాపురంలో రొట్టె మాడితే, "మీ అమ్మ నీకు పొయ్యి చూపించకుండానే పంపిందా?" అన్నది ఈవిడే. కడుపు నిలవలేదని తెలిసిన రోజు, "మా వంశంలో ఇలాంటిది లేదు," అన్నదీ ఈవిడే. ఏడుపు చూపిస్తే గెలిచినట్టు మొహం పెడుతుందని ఇన్నాళ్ళూ దాచుకుంది.

"ఎన్ని?" అంది బ్యూలా. మూతి ఒక పక్కకి పోయింది కాబట్టి మాట నలిగినట్టు వస్తుంది.

"ఏమిటి?"

"చెవులు పడిపోలేదు. ఆ గోడ పల్చన. ఎన్ని పేర్లు?"

ఆర్డిస్ కళ్ళు తుడుచుకుంది. "నాలుగు," అంది చివరికి.

"నీకు లెక్క రాదు. పోస్టాఫీసులో ఎట్లా పెట్టుకున్నారో." కాస్త ఊపిరి తీసుకుంది. "ఈ ఇంట్లో ఓటర్లు ఎందరు?"

ఆర్డిస్ ఆమె మొహంలోకి చూసింది. రెండు చుట్లు ఊరంతా ఫోన్లు చేసింది. ఎదురుపడితే తల ఊపడం తప్ప ఎరగని వాళ్ళని 'నువ్వేమంటావు' అని అడిగింది. రోజుకి ఇరవైసార్లు తిరిగే ఈ గదిలో, తన చేత్తో మూతి తుడిచే ఈ మనిషిని మాత్రం అడగలేదు. మెరిల్ ఖాతాలో గీత గీసి ఊరుకుంది. మంచాన పడ్డ మనిషికి ఉద్దేశం ఏముంటుందిలే అనుకుందా? అదీ కాదు. అనుకోనే లేదు. హార్లన్ లర్లీన్‌కి చేసిందే తను ఈవిడకి చేసింది.

"మీరేమంటారు?" అని అడిగింది ఆర్డిస్.

"ఇప్పుడు అడిగావూ! అరవై ఏళ్ళ ఓటు నాది. మా ఆయన ఎటు చెబితే అటు వేశా. ఆయన పోయాక వీడు. ఒక్కసారైనా నా అంతట నేను తప్పు చెయ్యాలనుంది." ఎడమచెయ్యి దుప్పటి మీద నుంచి లేచింది. "తే ఇట్లా. నీ మీద ప్రేమ కారిపోయి కాదు. నీ చేతులు చల్లన. ఆ పిల్లవి వేడి."

ఆర్డిస్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పళ్ళెం బోర్లించి కాగితం దాని మీద పెట్టి, పెన్ను వేళ్ళ మధ్య ఇరికించింది. ఎడమచేత్తో బ్యూలా తన పేరు రాయడానికి పది నిమిషాలు పట్టింది. ఒక్కో అక్షరం ఒక్కో దిక్కుకి ఒరిగింది. చెయ్యి పట్టుకోబోతే, "వదులు, నా పేరు నాకొచ్చు," అని విదిలించింది. రాయడం అయ్యాక వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఆర్డిస్ పక్క సరిచేస్తుంటే కళ్ళు తెరవకుండానే అంది.

"వారానికి నాలుగు గంటలు ట్రక్కులో కూర్చుంటావటగా. వీడు నవ్వుతూ చెప్పాడు."

"అవును."

"నాకా నాలుగూ లేవు," అంది బ్యూలా.

ఎనిమిదికి పావుగంట ఉందనగా ఎడ్వినా వాకిట్లో దీపం కింద నిలబడి ఆ కాగితం చదివింది. అయిదో పేరు దగ్గర వేలు ఆగింది. కళ్ళజోడు పైనుంచి ఆర్డిస్‌ని చూసింది.

"రేపు ఇవి పైకి చదువుతారు. నీ పేరు మొదటిది."

"తెలుసు మిస్ ఎడ్వినా."

"చలిగా ఉంది, జాగ్రత్తగా పో," అంది ఎడ్వినా. చేతి తొడుగు విప్పి ఆర్డిస్ చేతిని ఒకసారి గట్టిగా నొక్కి లోపలికి వెళ్ళింది.

ఇంటికి వచ్చేసరికి షెడ్డులో జనం వెళ్ళిపోయారు. మెరిల్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ పాత జాబితా ముందేసుకుని ఉన్నాడు. ఉత్సాహంగా ఉన్నాడు. ఆమె కోసం రెండో కుర్చీ లాగి పెట్టి కూడా ఉంచాడు.

"హార్లన్ రెండు, నోరిస్ రెండు, మనవి మూడు..." అంటూ గీతలు లెక్కపెడుతున్నాడు. "ఈ కింద చుక్కలేమిటి?"

ఆర్డిస్ కోటు విప్పలేదు. కుర్చీలో కూర్చోలేదు. రేపు పదింటికి నలుగురిలో తెలిసేది ఈ రాత్రే తన నోటితో చెప్పాలనుకుంది. అతను ఆమెకి ఇంజను వేడిచేసి పెట్టిన ఉదయాలకి ఆపాటి రుణమైనా ఉంటుంది.

"మనవి మూడు కాదు మెరిల్. ఈ ఇంట్లో నీకున్నది ఒక ఓటు."

అతను నవ్వబోయి ఆగాడు. "అంటే?"

"రేపు పంతొమ్మిదో అంశానికి చీటీల ఓటు. అయిదుగురం సంతకాలు పెట్టి ఇచ్చాం. మొదటిది నాది. తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు."

అతను అరవలేదు. కోపం కన్నా ముందు అతని మొహంలో తెలియనితనం కనిపించింది, ఎరిగిన రేవులో పడవ రాతికి తగిలినట్టు.

"సరే, నీది ఒకటి అనుకో. మూడు కాదంటే... అమ్మది?"

"అది నేను చెప్పకూడదు. వెళ్ళి అడుగు."

మెరిల్ లేచాడు. తల్లి గది గుమ్మం దాకా వెళ్ళి అక్కడ ఆగిపోయాడు. ఆర్డిస్‌కి వెనకనుంచి అతని భుజాలు కనిపిస్తున్నాయి. యాభై అయిదేళ్ళ మనిషి, ఏ తుఫానులోనైనా పడవ తిప్పుకుని రాగలవాడు, ఒక ప్రశ్న ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చౌకట్టు పట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"అడిగేది ఉంటే అడుగు," అంది లోపలినుంచి బ్యూలా. "లేకపోతే తలుపేసి పో. చలేస్తోంది."

అతను ఇంకొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత, ఆ ఇంట్లో తలుపులన్నీ దభాలున వేసే మెరిల్, పిడిని మెల్లగా తిప్పి, బయటినుంచే, చప్పుడు కాకుండా ఆ తలుపు మూశాడు.